రంగు కింద కర్ర

నరసరావుపేట దాటి కోటప్పకొండ కనపడేసరికి ఎండ ఇంకా ఎక్కలేదు. శివరాత్రి దగ్గరపడింది. చుట్టుపక్కల ఊళ్ళలో ప్రభలు కట్టే పని జోరుగా ఉంది. ఒక ఊరి మొగదల్లో, 80, 90 అడుగులు లేచే ప్రభ కోసం తెచ్చిన దూలాలూ వాసాలూ వరసగా పరిచి ఉన్నాయి. మా మావయ్య బండి ఆపమన్నాడు. దిగి తిన్నగా వెళ్ళి ఒక దూలం పక్కన గొంతుకూర్చుని వేలి కణుపుతో తట్టాడు. ఒక మూరెడు జరిగి మళ్ళీ తట్టాడు.

"ఏంది పెద్దాయనా, మా కర్రతో నీకేం పని?" అని ఒక కుర్రాడు గద్దించినట్టే అడిగాడు. మా గోదావరి వైపు అయితే అదే ప్రశ్నకు అటొక "అండి", ఇటొక "అండి" పడేవి. మావయ్య ఏమీ అనుకోలేదు. "చేవ చూస్తున్నాను బాబూ. ఇవన్నీ బావున్నాయి. ఆ చివరిదాన్ని మాత్రం అడుగున వెయ్యకండి, మొదట్లో పుచ్చుంది" అన్నాడు. కుర్రాడు నమ్మలేదు. గునపం తెచ్చి పొడిచాడు. మొన సులువుగా లోపలికి దిగిపోయింది. ఇక మమ్మల్ని కదలనిస్తేగా! మజ్జిగ తెప్పించారు, మిగతా దూలాలు కూడా తట్టించారు, పండక్కి రమ్మని మాట తీసుకున్నారు. పల్నాటిలో మాట ముందు గరుగ్గా తగులుతుంది, దాని వెనకే మజ్జిగ గ్లాసు వస్తుంది. ఆ ప్రయాణమంతా అలాగే గడిచింది.

మావయ్య తాళ్ళరేవులో పడవలు కట్టే వడ్రంగి. తాళ్ళరేవు, కోరంగి, యానాం పాయల వెంట కర్ర ఓడలు కట్టిన చరిత్ర శతాబ్దాలది. ఆయన తరం వచ్చేసరికి ఓడలు పోయి వేట పడవలు మిగిలాయి. ఇప్పుడు వాటి చోటా ఫైబర్ పడవలు ఆక్రమించుకున్నాయి. చేతినిండా పనిలేని ఆ వడ్రంగిని వెతుక్కుంటూ నాగార్జునసాగర్ జలాశయం నుంచి కబురొచ్చింది. కబురు పంపింది ఎప్పుడో మా తీరం నుంచి వెళ్ళి అక్కడ చేపల వేట మీద స్థిరపడిన కుటుంబం. పాత కర్ర పడవ ఒకటి బేరానికి దొరికితే కొన్నారు. వానలు పడకముందే దాని లోపల ఏముందో చూసి చెప్పమన్నారు. నేను తోడు వెళ్ళాను.

పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల తెల్లదుమ్ము చెట్ల ఆకుల మీద పేరుకుని ఉంది. గురజాల దాటాక రంగు మారింది. రోడ్డుకి రెండు వైపులా మిరప కల్లాలు, కంటికి ఆనినంత మేరా ఎరుపే. అద్దాలు ఎత్తినా ఘాటు లోపలికొచ్చి గొంతు పట్టుకుంటోంది. ముక్కుకి గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళు కుప్పల ముందు కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు. మేం ఆగి చూస్తుంటే ఒకామె తలెత్తకుండానే, "తాలు ఒక్కటున్నా బస్తా రేటు కోస్తారయ్యా" అంది. ఎర్రటి రాశిలో పాలిపోయిన కాయ నాకు కనపడనే లేదు. ఆమె వేళ్ళు మాత్రం చూడకుండానే పట్టుకుంటున్నాయి.

మా కోనసీమ అంచు ఊళ్ళలో ఎటు చూసినా నీళ్ళు. పునాదికి రాయి కావాలంటే లారీ ఎక్కి రావాల్సిందే. ఇక్కడ గొడ్ల చావిడికీ నాపరాయే, ప్రహరీకీ నాపరాయే. ఇంత రాయి ఉన్న చోట కర్రను నమ్ముకుని బతికేవాళ్ళు తక్కువే అయ్యుంటారని మొదట అనుకున్నాను. రెంటచింతల దాటేటప్పటికి, రాష్ట్రంలో ఎండ అనగానే ముందు వినిపించే పేరు ఆ ఊరిదే ఎందుకో ఒంటికి తెలిసొచ్చింది. ఇంకా మాఘమాసమే. వైశాఖంలో ఈ గాలికి పడవ పలకలు ఏమవుతాయోనని మావయ్య దారంతా అదే గొణుక్కున్నాడు.

మాచర్లలో చెన్నకేశవస్వామికి దణ్ణం పెట్టుకున్నాం. ఊరి పక్కన చంద్రవంక సన్నగా పారుతోంది. అదే వాగు ఎత్తిపోతల దగ్గర సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుందంటే నమ్మబుద్ధి కాదు. అక్కడ నిలబడి చూస్తే లోయంతా తుంపర, అడుగున మొసళ్ళ పెంపకం మడుగులు. ఎక్కువసేపు ఉండలేదు. మావయ్య మనసంతా పడవ మీదే ఉంది.

విజయపురి సౌత్ చేరి జలాశయం ఒడ్డున నిలబడితే మాట పెగల్లేదు. సముద్రం చూసి పెరిగినవాణ్ణి, అయినా కొండల మధ్య ఇంత నిశ్చలంగా ఇన్ని నీళ్ళు చూడటం వేరు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఇక్కడి ఆనకట్టకు శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది. కుడి కాలువ పల్నాడు మీదుగానే పారుతుంది. దారిలో మేం చూసిన మిరప ఎరుపులో ఆ నీళ్ళ పాలు చాలా ఉంది. నీళ్ళ అడుగున ఇక్ష్వాకుల విజయపురి ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినంత దొరికించుకుని, కొన్ని కట్టడాలను అనుపులోనూ కొండ మీదా మళ్ళీ పేర్చారు. ఆ శాసనాల్లో బోధిసిరి అనే ఉపాసిక వేయించినది ఒకటుంది. అందులో కంటకసేల మహాచైత్యం ప్రస్తావన వస్తుంది, సింహళ భిక్షువుల మాటా వస్తుంది. కంటకసేల అంటే కృష్ణ సముద్రంలో కలిసే వైపున ఉన్న మన ఘంటసాల. సుమారు పదిహేడు వందల ఏళ్ళ కిందట ఈ లోయకూ ఆ రేవుకూ అంత రాకపోకలు ఉన్నాయి. నది మీద మనుషుల్నీ సరుకునీ మోసినవి కర్ర పడవలే. ఏ వడ్రంగో ఒకడు వాటిని కూడా తట్టి చూసే ఉంటాడు.

మా కోసం ఎదురుచూస్తున్న పడవ ఒడ్డున దిమ్మెల మీద ఎక్కించి ఉంది. 30 అడుగుల పొడవు. ఒళ్ళంతా నీలం రంగు, అంచు కింద పసుపు గీత, ముందు అణియం మీద అమ్మవారి బొమ్మ, ఎండిన నిమ్మకాయల దండ. వెనక అమరం దగ్గర అడుగుభాగానికి లోపలినుంచి ఫైబర్ పూత వేసి, పైన రేకు కొట్టారు. యజమాని ముఖం వెలిగిపోతోంది. "చూడండి మేస్త్రిగారూ, పెళ్ళికూతురిలా లేదా?" అన్నాడు. ఆయన పెద్ద కొడుకు, పదో తరగతి కుర్రాడు, పడవ అంచున కూర్చుని కాళ్ళూపుతున్నాడు.

మావయ్య వెంటనే ముట్టుకోలేదు. దూరంగా వెళ్ళి ఒక కన్ను మూసుకుని పడవ అంచు గీతను చివరిదాకా చూశాడు. మధ్యలో వీపు లేచిందా, చివరలు వాలాయా అని. పాత పడవలో లోపలి కర్ర సత్తువ పోతే ముందు ఆ గీతే చెబుతుంది. తర్వాత లోపలి మూతలు తీయించి, తల లోపలికి పెట్టి వాసన చూశాడు. తారు వాసన, డీజిల్ వాసన, చేపల వాసన, వీటన్నిటి అడుగున పుట్టగొడుగు వాసన ఉందా అన్నదే ప్రశ్న. అమరం దగ్గర ఆయన ముక్కు ఎక్కువసేపు ఆగింది. పైకి ఏమీ అనలేదు.

అప్పుడు సంచి విప్పాడు. చిన్న సుత్తి, గోనెలు కుట్టే దబ్బనం, పాత ఉలి, చేతి బర్మా, చిన్న అద్దం, టార్చ్. ఇంతే. కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టే ఇదీ. గట్టి పలక టంగుమంటుంది, పుచ్చిన పలక దబ్బుమంటుంది. కానీ చెవి ఒక్కదాన్నే నమ్మకూడదని ఆయన పట్టు. లోపల వంపు కర్ర ఆనుకున్న చోట మంచి పలక కూడా బరువుగా పలుకుతుంది, నీళ్ళు పీల్చిన కర్ర మూగగా పలుకుతుంది. అందుకని మాట మారిన ప్రతిచోటా సుద్దతో గుర్తుపెట్టి, దబ్బనం తీశాడు. మొన గుచ్చి పైకి మీటాడు. మంచి కర్ర అయితే పొడుగాటి పేడు లేస్తుంది, లేచేటప్పుడు చిటపటమంటుంది. పుచ్చుపట్టిన కర్రకు పేడు లేవదు. చిన్న తునక పుటుక్కున విరిగి చేతిలోకి వస్తుంది, చప్పుడే ఉండదు. ఆ రెండు తునకలూ పక్కపక్కన నా అరచేతిలో పెట్టాడు. రంగులో తేడా లేదు. వేళ్ళతో నలిపితే ఒకటి పొడైంది.

అడుగు నుంచి మొదలుపెట్టడం ఆయనకు అలవాటు. మా ఉప్పునీళ్ళలో భయమంతా అక్కడే. అక్కడ ఓడ కర్రను తొలిచే జీవి ఒకటుంది, పురుగు అంటాంగానీ నిజానికి ఆల్చిప్ప జాతిది. సన్నటి సూది బెజ్జంలోంచి దూరి, బయటికి ఏమీ తెలియకుండా లోపల వేలెడు లావు సొరంగాలు తవ్వేస్తుంది. అందుకే ఆయన అడుగు పలకలను ఒక్కొక్క అంగుళమే చూసుకుంటూ పోయాడు. ఏమీ లేదు. టేకు పలక, నిక్షేపంలా ఉంది. సాగర్ మంచినీళ్ళలో ఆ జీవి బతకదు. ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండే కర్రకు గాలి అందదు కాబట్టి బూజూ అంత తేలిగ్గా పట్టదు. స్వీడన్‌లో 1628లో మునిగిన వాసా అనే ఓడను 1961లో పైకి తీస్తే కర్ర చాలావరకు చెక్కుచెదరలేదు. చల్లటి నీళ్ళు, తొలిచే జీవి లేని నీళ్ళు. అడుగు నీళ్ళు కర్రకు అంత శత్రువులు కాదు.

శత్రువు పైనుంచి వస్తుంది. ఆ మధ్యాహ్నం నాకు బాగా అర్థమైంది అదే. బూజుకు కావలసినవి గాలి, వెచ్చదనం, తేమ. కర్రలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం అది ఏమీ చేయలేదు. 30 దరిదాపుల్లోకి వస్తే ఇక ఆగదు. ఉప్పు దానికి పడదు. పూర్వం విదేశాల్లో ఓడలు కట్టేటప్పుడు పక్క కర్రల సందుల్లో రాళ్ళుప్పు కూరేవాళ్ళు. మా సముద్రపు పడవలకు ఆ కాపలా ఊరికే దొరుకుతుంది. సాగర్ పడవకు దొరకదు. పైన పడిన వాన చినుకు అంచు పలక సందులోంచి లోపలికి జారి, వలల మట్టితో పూడిపోయిన మూలలో నిలబడిపోతుంది. కదిలే నది నీళ్ళు చేయని చెరుపు ఆ దోసెడు నిలవనీళ్ళు చేస్తాయి.

అమరం దగ్గర రేకు పీకారు. రేకు కింద ఫైబర్ పూత నున్నగా, మెరుస్తూ ఉంది. మావయ్య దాని మీద తట్టాడు. ఆ చప్పుడు నాలాంటివాడికి కూడా తెలిసింది. బర్మా పెట్టి తిప్పాడు. మంచి కర్ర నుంచి పొట్టు ఉంగరాలు తిరుగుతూ వస్తుంది. ఇక్కడ నల్లటి తడి పిండి వచ్చింది, తర్వాత బొట్టు బొట్టుగా నీళ్ళు. పూతను ఉలితో ఒక జానెడు మేర లేపితే అడుగున కర్ర చిన్న చిన్న చదరాలుగా పగిలి ఉంది. ఉలి పని లేకుండానే వేళ్ళతో ఊడొచ్చింది. కారుతోందని ఎవరో తడి కర్ర మీదే పూత పోసి మూసేశారు. తేమ లోపలే బందీ అయిపోయింది. వంపు కర్రలు రెండింటికి ఇనుప మేకులు దిగిన చోట చుట్టూ నల్లటి మచ్చ. మేకు తుప్పు పట్టేకొద్దీ చుట్టూ కర్రను తినేసింది, మేకును పట్టుకారుతో లాగితే అడ్డం లేకుండా వచ్చేసింది. పసుపు గీత కింద, నీటిమట్టం పైన, ఒక పలక మూడడుగుల మేర పోయింది. తడుస్తూ ఆరుతూ ఉండే చోటు అది. పడవలో అన్నిటికంటే అందంగా రంగు వేసిన చోటూ అదే.

యజమాని చాలాసేపు మాట్లాడలేదు. "మొన్ననే కదండి రంగేశారు" అన్నాడు చివరికి.

"రంగు బయటి వానను ఆపుద్దండి. లోపలున్న తేమను బయటికి పోనివ్వదు" అన్నాడు మావయ్య.

అమ్మినవాడు తెలిసి చేశాడో తెలియక చేశాడో మాకు అనవసరం. తెలియక చేసేవాళ్ళే ఎక్కువని నేను నమ్ముతాను. మహా సామ్రాజ్యాలకూ ఇది తెలియని సందర్భాలున్నాయి. 1782 ఆగస్టు 29న ఇంగ్లండు తీరంలో రాయల్ జార్జ్ అనే యుద్ధనౌక లంగరు వేసిన చోటే మునిగి, వందల మంది పోయారు. విచారణలో ఓడ కర్రలు పుచ్చిపోయి ఉన్నాయన్న మాటే బయటపడింది. వంద ఫిరంగుల ఓడ, జీతాలిచ్చి పెట్టుకున్న తనిఖీదార్లు. అయినా పైకి బాగున్నదాన్ని గుచ్చి చూడటానికి మనిషికి చెయ్యి రాదు. ఆ చెయ్యి వచ్చినవాడి మాటకు మన దగ్గర విలువ కట్టడం లేదన్నదే నా బాధ.

భోజనానికి వాళ్ళింటికి తీసుకెళ్ళారు. నాపరాళ్ళ అరుగు మీద పెద్ద చాప పరిచారు. పడవ పనివాళ్ళు, పక్కింటి లంబాడీ దంపతులు, మేం, అందరం దాని మీదే కూర్చున్నాం. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టిన సీమ కదా అని మావయ్య అంటే ఇంటావిడ నవ్వింది. పొద్దున పట్టిన బొచ్చె చేప పులుసు. మా వైపు పులుసులో ముందు చింతపండు పలుకుతుంది, కారం ఆఖర్న వస్తుంది. ఇక్కడ కారమే ముందు కూర్చుని ఉంది. నా కళ్ళు నీళ్ళు తిరగడం చూసి ఆవిడ గడ్డపెరుగు వేసింది. "మా అత్తగారు తీరం నుంచి వచ్చిన కొత్తలో ఇట్టాగే ఏడ్చేదంట" అంది. వాళ్ళ మాటలో మా వైపు "అండి" ఇంకా మిగిలి ఉంది. పిల్లల మాటలో అది పోయి, "ఏంది", "ఎట్టా" వచ్చి చేరాయి.

తిన్నాక మావయ్య చెప్పాల్సింది చెప్పాడు. పడవ పారేయక్కర్లేదు. అడుగు దూలం గట్టిది, పలకల్లో ఎక్కువ భాగం గట్టివే. ఫైబర్ పూత మొత్తం తీసెయ్యాలి. పుచ్చు కనపడిన చోటితో ఆపకుండా, అటూ ఇటూ మంచి కర్ర వచ్చాక ఇంకొంత దూరం కోసి కొత్తది వెయ్యాలి, ఎందుకంటే బూజు కంటికి కనపడే గీత దాటి ముందే వెళ్ళి ఉంటుంది. వంపు కర్రలు రెండూ మార్చాలి. మూలల్లో నీటిదారులు పుల్లతో రోజూ తవ్వి తెరిచి ఉంచాలి. వానాకాలం బరకం కప్పితే కింద గాలి ఆడాలి. ఎండాకాలం ఒడ్డున బోర్లించి వదిలేస్తే ఈ రెంటచింతల గాలికి పలకలు ముడుచుకుని సందులు విడిపోతాయి. ఆ కారుడును పుచ్చనుకుని కంగారుపడి మళ్ళీ ఎవరో పూత పోస్తారు. దానికన్నా లోతులేని చోట నీళ్ళు పోసి ముంచి ఉంచడం మేలు.

"ఈ ఒక్క సీజన్ ఇట్టాగే లాగుదామా మేస్త్రిగారూ? అప్పు తీరాక చేయిస్తా" అన్నాడు యజమాని. అడగడంలో తప్పులేదు, ఆ ఇంటి పరిస్థితి చూస్తే. మావయ్య మెత్తటి మనిషి. అయినా ఈ ఒక్క మాటలో మెత్తబడలేదు. "ఇంజను బిగించేది ఆ అమరానికేనండి. నడి జలాశయంలో గాలి లేస్తే ఆ అదురుకు మొదట ఊడేది అదే. ఇంజను దింపండి" అన్నాడు. సాయంత్రానికి దింపారు.

మేం మాట్లాడుతుండగా కుర్రాడు సుత్తి తీసుకుని పడవలోకి వెళ్ళాడు. కాసేపటికి, "తాతా, ఇక్కడ మాట మారింది" అని కేక వేశాడు. కూర్చునే బల్ల కింద, మేం సుద్ద పెట్టని చోటు. మావయ్య వెళ్ళి దబ్బనం గుచ్చాడు. పేడు లేవలేదు. ఆయన మొహంలో అంత సంతోషం నేను ఈమధ్య చూడలేదు. ఆ దబ్బనం కుర్రాడికే ఇచ్చేశాడు.

తిరుగు దారిలో కర్ర కొనడానికి తండ్రీకొడుకులు మాతో వచ్చారు. సత్రశాల దగ్గర శివుణ్ణి చూసి కృష్ణ ఒడ్డున కూర్చున్నాం. ఇక్కడి నుంచి పులిచింతల దాకా నదికి ఇటు పల్నాడు, అటు నల్గొండ, సూర్యాపేట జిల్లాలు. రెండు ఒడ్డుల మధ్య వియ్యాలున్నాయి, అవతల మట్టపల్లి నరసింహస్వామి ఉన్నాడు. వంతెన చుట్టూ తిరిగి పోలేనివాళ్ళు ఇప్పటికీ నాటు పడవలూ పుట్టిలూ ఎక్కుతారు. 2019 సెప్టెంబర్ 15న మా గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగాక, పడవల తనిఖీ గురించి రాష్ట్రమంతా మాట్లాడుకుంది. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం వెళ్ళి ఆ బోటును అక్టోబర్ 22న వెలికి తీసింది. అది పుచ్చు వల్ల జరిగింది కాదు, వరద వల్ల. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో దేశంలోని నదీ నౌకలకు కొత్త చట్టం వచ్చింది. యంత్రంతో నడిచే పడవలకు సర్వే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టడం ఎవరైనా నేర్చుకుంటారు. కర్ర మాట మారడం వినేవాళ్ళను ఎక్కడి నుంచి తెస్తాం? తాళ్ళరేవులాంటి ఊళ్ళలో పని లేక కూర్చున్న మేస్త్రులను పిలిచి, ప్రతి రేవులో నలుగురు కుర్రాళ్ళకు సుత్తీ దబ్బనమూ పట్టడం నేర్పిస్తే దానికయ్యే ఖర్చు ఎంతని? వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూస్తే చాలు.

నరసరావుపేటలో అడితికి వెళ్ళేసరికి దీపాలు పెట్టారు. వంపు కర్రలకు నల్లతుమ్మ, పలకకు టేకు కావాలి. అడితి యజమాని చూపించిన మొదటి టేకు పలక నున్నగా చిత్రిక పట్టి ఉంది. మావయ్య తిప్పి చూస్తే అంచు వెంట రెండంగుళాల తెల్ల చెక్క, చేవ పట్టని భాగం. వద్దన్నాడు. "పెద్దాయనా, ఇంత బాగున్నదాన్ని వద్దంటావేంది!" అని అడితి ఆయన గొంతు పెంచాడు. ఈసారి సమాధానం కుర్రాడు చెప్పాడు, తెల్ల చెక్కలో దబ్బనం గుచ్చి చూపిస్తూ. కాసేపు వాదన జరిగింది, టీ వచ్చింది. రెండో పలక కుదిరింది. తుమ్మ కర్రల్లో ఒకదానికే సరైన వంపు దొరికింది. రెండోది కారెంపూడి వైపు ఒక రైతు చేలో గట్టు మీద ఉందని, కొట్టించి కబురు చేస్తానని అడితి ఆయన మాట ఇచ్చాడు.